తిరిగిన కారు, నిలిచిన కారు

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)
— ఒక విశ్రాంత సుబేదార్, ఇ.ఎం.ఇ.



ప్రతి ఏడూ ఈ వేదిక మీద యుద్ధాల గురించి, పెన్షన్ గురించి, పిల్లల చదువుల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శి గారు నన్ను పిలిచి, "సాబ్, మీరు బండ్ల మనిషి కదా, బండి గురించే ఏదైనా చెప్పండి" అన్నారు. నేను ఇంటర్మీడియట్ దాకా చదివినవాణ్ణి. ఉపన్యాసం నాకు కొత్త. కానీ 28 సంవత్సరాలు చేతికి గ్రీజు అంటించుకుని బతికాను గనక, బండి గురించి చెప్పమంటే కాదనలేకపోయాను. ఒక కారు గురించి చెబుతాను. నిజానికి రెండు కార్లు. రెండూ ఒకే కంపెనీవి, ఒకే మోడలువి. చివర్లో మూడో బండి కూడా వస్తుంది. అది కారు కాదు, మన ఒన్ టన్.

రెండేళ్ల కిందట ఒక పెళ్లికి హైదరాబాద్ వెళ్లాం. మర్నాడు మా మనవణ్ణి చార్మినార్ చూపించి, అక్కడి నుంచి చౌమహల్లా పాలెస్‌కి తీసుకెళ్లాను. 1986లో నేను సికింద్రాబాద్ ఇ.ఎం.ఇ. సెంటర్లో రిక్రూటుగా ఉన్నప్పుడు, ఆదివారం అవుట్ పాస్ మీద చార్మినార్ దగ్గరకు వెళ్లి, ఆ పాలెస్ గోడలు బయట నుంచే చూసి వచ్చేవాళ్లం. అప్పుడు లోపలికి వెళ్లే వీలు లేదు. 2005లో బాగుచేసి ప్రజలకు తెరిచారు. అందుకని లోపల చూడటం నాకూ మొదటిసారే.

అక్కడ ఒక పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ కారు ఉంది. 1912 నాటిది. వెనక భాగం మామూలు కారులా ఉండదు, గుమ్మటంలాగ ఎత్తుగా ఉంటుంది. లోపల వెనక సీటును సింహాసనంలా ఎత్తుగా అమర్చారు. అందుకే దాన్ని సింహాసనం కారు అంటారు. జనం ఫోటోలు తీసుకుంటున్నారు. మా వాడు మాత్రం కాసేపు చక్రాల వైపే చూసి, "తాతయ్యా, ఇది నడుస్తుందా?" అన్నాడు.

ఆరేళ్ల పిల్లవాడు అడిగాడు గానీ, మెకానిక్ అడగాల్సిన ప్రశ్న అదే. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. వంగి చూశాను. టైర్లు చూశాను, కింద నేల మీద ఆయిల్ మరక ఏమైనా ఉందా అని చూశాను. అలవాటు పోదు కదండీ. గార్డు వచ్చి, "దూరం జరగండి సార్" అన్నాడు. జరిగాను. ఆ ప్రశ్న మాత్రం నాతోనే ఇంటికి వచ్చింది.

ముందు ఆ కారు యజమానుల సంగతి చెబుతాను. దాన్ని ఇంగ్లండు నుంచి తెప్పించమని ఆర్డరు ఇచ్చింది ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్. ఆయన 1911 ఆగస్టులో కాలం చేశారు. కారు వచ్చేసరికి ఆయన లేరు. కోరి చేయించుకున్న సింహాసనంలో ఆయన ఒక్కసారి కూడా కూర్చోలేదు. గద్దె, కారు రెండూ కుమారుడు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ చేతికి వచ్చాయి. ఆయన ప్రపంచంలోకెల్లా ధనవంతుడని పేరుపొందినా, సొంత ఖర్చులో మహా పొదుపరి. ఆ కారును ఉత్సవాలకు, ఊరేగింపులకు మాత్రమే బయటికి తీసేవారు. అన్నేళ్లలో అది నాలుగు వందల మైళ్లు కూడా తిరగలేదని చెబుతారు. మన లెక్కలో అది ఒక కాన్వాయ్ రెండు మూడు రోజుల్లో వేసే దూరం.

1948 సెప్టెంబరులో ఆపరేషన్ పోలో జరిగింది. మన సైన్యం మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి గారి ఆధ్వర్యంలో హైదరాబాద్ చేరింది. రాజ్యం పోయింది, కారు ఉండిపోయింది. 1967లో ఉస్మాన్ అలీ ఖాన్ పోయాక ఆస్తి అంతా మనవడు ముకర్రం జాకి వచ్చింది. ఆయన సంగతి మన సభకు చెప్పి తీరాలి. ఆయన ఇంగ్లండులో శాండ్‌హర్స్ట్‌లో సైనిక శిక్షణ పొందినవాడు. అంతకంటే ముఖ్యం, యంత్రాలంటే ప్రాణం పెట్టేవాడు. ఇంజిన్ విప్పి చేతులు నల్లగా చేసుకోవడం దర్బారులో కూర్చోవడం కంటే ఆయనకు ఇష్టం. తరువాత ఆస్ట్రేలియా వెళ్లి, గొర్రెల ఫారంలో బుల్‌డోజరు నడిపినవాడు. అలాంటి మనిషికి వారసత్వంగా వచ్చిన గ్యారేజీలో పదుల కొద్దీ కార్లు ఉంటే, నడిచేవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. 2023లో ఆయన ఇస్తాంబుల్‌లో మరణిస్తే, హైదరాబాద్ తెచ్చి మక్కా మసీదులో ఖననం చేశారు.

రోల్స్‌రాయిస్ అనగానే మనవాళ్లు ఒక కథ చెబుతారు. షోరూములో అవమానం జరిగిందని ఒక మహారాజు కార్లు కొని చెత్త ఎత్తించాడట. ఒకరు ఆళ్వార్ రాజు అంటారు, ఇంకొకరు నిజాం అంటారు, మరొకరు పటియాలా అంటారు. ఒకే కథకు అంతమంది రాజులున్నారంటే అది కథేనని నా అభిప్రాయం. అసలు విషయం అంతకంటే బాగుంటుంది. ఇక రెండో కారుకి వస్తాను.

ఈ మోడలు అసలు పేరు 40/50 హార్స్ పవర్. 1906లో మొదలై 1926 దాకా తయారైంది. ఆరు సిలిండర్లు, మూడేసి చొప్పున రెండు బ్లాకులుగా పోతపోసినవి. ఇంజిన్ మొదట ఏడు లీటర్లు, తరువాత దాదాపు ఏడున్నర లీటర్లు. మన శక్తిమాన్ లారీ ఇంజిన్ కన్నా పెద్దది, అయినా దాని చప్పుడు వినబడేది కాదట. క్రాంక్ షాఫ్టుకి ఏడు మెయిన్ బేరింగులు, పంపుతో ఒత్తిడి పెట్టి బేరింగులకు ఆయిల్ అందించే పద్ధతి, మాగ్నెటో ఒకటి, కాయిల్ ఒకటి, రెండు రకాల ఇగ్నిషన్. ఒకటి చెడితే రెండోది ఇంటికి చేరుస్తుంది. రాయిస్ గారు పేద ఇంట పుట్టి, బడి చదువు సరిగ్గా లేక, రైల్వే వర్క్‌షాపులో పని నేర్చుకున్న మనిషి. ఈ ముక్క చదివినప్పుడు నాకు చాలా ధైర్యం వచ్చింది.

కంపెనీవాళ్లు చాసిస్, ఇంజిన్ మాత్రమే చేసి ఇచ్చేవారు. బాడీ కట్టించుకోవడం కొనేవాడి పని. శక్తిమాన్ చాసిస్ మీద ఒక యూనిట్ వాటర్ బౌజరు, ఇంకో యూనిట్ వర్క్‌షాప్ బాడీ పెట్టుకున్నట్టే. నిజాం సింహాసనం పెట్టించుకున్నాడు. 1907లో కంపెనీ తన కోసమే ఒక చాసిస్ మీద బార్కర్ అనే లండన్ కోచ్‌బిల్డరు చేత తెరిచిన టూరింగ్ బాడీ కట్టించింది. చాసిస్ నంబరు 60551, రిజిస్ట్రేషన్ ఏ.ఎక్స్. 201. దానికి వెండి రంగు వేసి, లైట్లకు, పిడులకు వెండి పూత పూయించి, సిల్వర్ ఘోస్ట్ అని పేరు పెట్టారు. వెండి దయ్యం అన్నమాట. చప్పుడు లేకుండా వస్తుంది కనుక దయ్యం. ఆ ఒక్క కారు పేరే తరువాత మొత్తం మోడలుకు పేరైపోయింది.

కారు బాగుందని కంపెనీ చెప్పుకుంటే ఎవరు నమ్ముతారు? మేనేజింగ్ డైరెక్టరు క్లాడ్ జాన్సన్ దాన్ని ఆటోమొబైల్ క్లబ్ పరిశీలకుల ఎదుట 15,000 మైళ్ల పరీక్షకు పంపాడు. లండన్, గ్లాస్గో ఊళ్ల మధ్య రాత్రింబవళ్లు తిప్పారు, ఆదివారాలు మాత్రం సెలవు. 629 మైళ్ల దగ్గర ఒకసారి ఆగింది. ఏమిటా అని చూస్తే, రోడ్డు కుదుపుకి పెట్రోలు ట్యాపు దానంతట అదే మూసుకుపోయింది. తెరిచారు, నిమిషం పట్టింది. ఆ తరువాత 14,371 మైళ్లు, యంత్రలోపం వల్ల ఒక్కసారి కూడా ఆగలేదు. పరీక్ష అయ్యాక ఇంజిన్ మొత్తం విప్పి, కొలతలు తీసి, కాస్త అరిగిన ప్రతి పార్టూ మార్చారు. ఆ పార్టుల ఖర్చు రెండు పౌండ్లు, రెండు షిల్లింగులు, ఏడు పెన్నీలు.

మిత్రులారా, ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. నన్ను ముచ్చటపడేలా చేసింది 14,371 కాదు. ఆ ట్యాపు. గొప్పలు చెప్పుకునే కంపెనీ ఆ నిమిషం ఆగిన సంగతిని రికార్డులోంచి తీసేయలేదు. జరిగింది జరిగినట్టు రాశారు. నూరేళ్ల తరువాత కూడా అందరూ ఆ 629 మైళ్లు చెప్పుకుంటారు. ఆ ఒక్క తప్పు రాసి ఉండటం వల్లనే మిగతా అంకెను జనం నమ్మారు. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తాను.

పరీక్ష అయ్యాక 1908లో ఆ కారును ఒక ఆసామికి అమ్మేశారు. ఆయన దాన్ని బీరువాలో నగలా దాచలేదు. హాయిగా వాడుకున్నాడు. దాదాపు నలభై ఏళ్లు వాళ్ల దగ్గరే ఉంది. 1948లో కంపెనీ మళ్లీ తన కారు తను తెచ్చుకుంది. చూడండి, మన సైన్యం హైదరాబాద్ చేరిన ఏడాదే అక్కడ ఆ కారు పుట్టింటికి చేరింది. మొత్తం మీద అది ఐదు లక్షల మైళ్లకు పైగా తిరిగిందంటారు. 1998లో కంపెనీ అమ్మకం జరిగినప్పుడు రోల్స్‌రాయిస్ పేరు ఒకరికి, ఫ్యాక్టరీ ఇంకొకరికి పోయి, ఈ కారు బెంట్లీ వాళ్ల చేతికి వెళ్లింది. యజమానులు మారినా చూసే చేతులు ఉన్నాయి.

ఈ చాసిస్ మనలాంటి వాళ్ల సేవ కూడా చేసింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇదే చాసిస్ మీద ఉక్కు రేకులు, టరెట్టు, మెషిన్ గన్ బిగించి ఆర్మర్డ్ కార్లు చేశారు. మొత్తం బరువు నాలుగు టన్నులు దాటింది. 1916 మార్చిలో లిబియా ఎడారిలో బీర్ హకీం అనే చోట బందీలుగా ఉన్న నావికుల్ని డ్యూక్ ఆఫ్ వెస్ట్‌మిన్‌స్టర్ ఈ కార్లతోనే వెళ్లి విడిపించాడు. అరేబియా ఎడారిలో లారెన్స్ వాడిన బండ్లూ ఇవే. మన వాయవ్య సరిహద్దు రోడ్ల మీద కూడా రోల్స్‌రాయిస్ ఆర్మర్డ్ కార్లు తిరిగాయి. 1941లో ఇరాక్‌లో పోరాడిన వాటిలో కూడా ఆ వంశంవి ఉన్నాయి. రాజుల్ని మోసే చాసిస్ ఇసుకలో నాలుగు టన్నులు మోసిందంటే, బలం ఇనుములో కొంత, చూసుకునే పద్ధతిలో కొంత. ఆ కంపెనీ తొలి రోజుల నుంచే కారు కొన్నవాళ్ల డ్రైవర్లకు ప్రత్యేకంగా స్కూలు నడిపింది. యజమాని ఎంత గొప్పవాడైనా, కారు ఆయుష్షు డ్రైవరు చేతిలో ఉందని వాళ్లకు తెలుసు.

ఇప్పుడు రెండు కార్లనూ పక్కపక్కన పెట్టండి. ఒకటి ఐదు లక్షల మైళ్లు తిరిగింది. ఇంకొకటి నాలుగు వందలు కూడా తిరగలేదు. ఏది ఎక్కువ బాగుండాలి? తిరగనిది అనుకుంటాం. ఇంట్లో ఆడవాళ్లు కూడా పెళ్లి పట్టుచీర పెట్టెలో దాచి అలాగే అనుకుంటారు. పదేళ్ల తరువాత తీస్తే మడత దగ్గర చీలిపోయి ఉంటుంది.

బండి కూడా అంతే. నిలబెట్టిన బండిలో ఏమవుతుందో ఇక్కడున్న ఎం.టి. వాళ్లందరికీ తెలుసు, పిల్లల కోసం చెబుతాను. సిలిండరు గోడల మీది ఆయిల్ కిందికి జారిపోయి గోడలు ఎండిపోతాయి, తేమ తగిలి తుప్పు పడుతుంది. కార్బురేటరులో పెట్రోలు ఆవిరై జిగురు మిగులుతుంది. బ్యాటరీ ప్లేట్లు గడ్డకట్టి చచ్చిపోతాయి. టైరు ఒకే చోట బరువు మోసి అక్కడ చదునవుతుంది. రబ్బరు బిరుసెక్కి పగులుతుంది. వీల్ సిలిండర్లో పిస్టన్ పట్టేస్తుంది. బ్రేక్ షూ డ్రమ్ముకు అంటుకుపోతుంది. తిరిగే బండి ఏదో ఒక చప్పుడు చేసి తన జబ్బు చెబుతుంది. నిలిచిన బండి ఏమీ చెప్పదు. అందుకే నిలిచిన బండికి తిరిగే బండి కంటే ఎక్కువ మనిషి కావాలి. మనకు ఫస్ట్ పరేడ్, హాల్ట్ పరేడ్, లాస్ట్ పరేడ్, వారం వారం మెయింటెనెన్స్ పెట్టింది అందుకే. పెద్దలు ఊరికే పెట్టలేదు.

ఇప్పుడు మూడో బండి.

1994 శీతాకాలం. ఎత్తు ప్రదేశం. యూనిట్ పేరు, చోటు చెప్పను, అవసరం లేదు. నేను అప్పుడు నాయక్‌ని. మా దగ్గర ఒక నిస్సాన్ ఒన్ టన్ రిజర్వులో ఉండేది. ప్రతి శుక్రవారం దాన్ని స్టార్ట్ చేసి, ఇంజిన్ వేడెక్కనిచ్చి, ముందుకీ వెనక్కీ కాస్త తిప్పి, బ్రేకులు తొక్కి చూసి, లాగ్ బుక్కులో రాసి సంతకం పెట్టాలి. ఆ పని నాది. మంచు, చలి. మొదటి వారం బయటికి వెళ్లలేదు, పుస్తకంలో మాత్రం రాశాను. ఏమీ కాలేదు. రెండో వారం కూడా అంతే. అలా ఏడు వారాలు. పుస్తకం చూస్తే ముత్యాల్లాంటి అక్షరాలు.

ఒక సాయంత్రం కొండచరియ దగ్గర పని చేస్తుంటే ఒక కుర్రాడి చేతి మీద బండరాయి పడింది. మన తెలుగువాడే, విజయనగరం వైపు నుంచి వచ్చిన డ్రైవరు. ఇరవై రెండేళ్లు. మిగతా బండ్లన్నీ కాన్వాయ్‌లో వెళ్లాయి. రిజర్వు బండి తీయండి అన్నారు. సెల్ఫ్ తిరగలేదు. హ్యాండిల్ వేశాం, పలకలేదు. పదిమందిమి కలిసి తోశాం. బండి అంగుళం కదల్లేదు. బ్రేకులు పట్టేశాయి. ఆ చీకట్లో టార్చి పెట్టుకుని డ్రమ్ములు కొట్టి విడదీసేలోపు కింద పోస్టు నుంచి వేరే బండి వచ్చింది. ఐదు గంటలు పోయింది. వాడి కుడిచేతి రెండు వేళ్లు డాక్టర్లు తీసేయాల్సి వచ్చింది. ముందే వస్తే దక్కేవా అంటే డాక్టరు గారు ఏమీ చెప్పలేదు. నేను అడిగే ధైర్యం చేయలేదు.

విచారణ జరిగింది. లాగ్ బుక్ చూశారు. అన్నీ సరిగ్గా ఉన్నాయి. విపరీతమైన చలి వల్ల బండి మొరాయించిందని తేల్చారు. నాకు ఏ శిక్షా పడలేదు. తరువాత ప్రమోషన్లు వచ్చాయి, జె.సి.ఓ. అయ్యాను. నా చేతి కింద పని చేసిన కుర్రాళ్లు నన్ను చాలా కఠినుడు అనేవారు. మెయింటెనెన్స్ రోజున బోనెట్ మీద చెయ్యి పెట్టి వేడి చూసేవాణ్ణి, నేల మీద చక్రం కదిలిన గుర్తు వెతికేవాణ్ణి. పుస్తకం చివర చూసేవాణ్ణి. అదెందుకో వాళ్లకు తెలియదు. మా ఆవిడకు కూడా ఈ మధ్యే చెప్పాను.

చౌమహల్లాలో మనవడు "ఇది నడుస్తుందా" అన్నప్పుడు నాకు గుర్తొచ్చింది నిజాం కారు కాదు, ఆ ఒన్ టన్. 1907లో ఎవరో ఒక మనిషి, ట్యాపు మూసుకుందని నిజం రాశాడు. రాయకపోతే అడిగేవాడు లేడు. 1994లో నేను తిప్పని బండిని తిప్పానని రాశాను.

ఈ సభలో చెప్పే ముందు ఆ తమ్ముడిని అడగాలనిపించింది. నంబరు సంపాదించి పోయిన నెలలో ఫోన్ చేశాను. ఊళ్లో కొడుకుతో కలిసి ట్రాక్టరు విడిభాగాల కొట్టు నడుపుతున్నాడు. అరగంట అవీ ఇవీ మాట్లాడి, చివరికి విషయం చెప్పేశాను. కాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నాడు: "నాకు అప్పుడే తెలుసన్నా. నేనూ డ్రైవర్నే కదా. నన్ను స్ట్రెచరు మీద పడుకోబెట్టి మీరు తోస్తుంటే చూశాను. శుక్రవారం తిప్పిన బండికి బుధవారానికి షూలు అంటుకుంటాయా?"

మరి ఎందుకు చెప్పలేదురా అన్నాను. "చెబితే నా వేళ్లు వస్తాయా? నీ స్ట్రైపులు పోతాయి. అయినా నువ్వే చెబుతావని చాలా ఏళ్లు చూశానన్నా," అన్నాడు. సభలో చెప్పనా అంటే, "పేరు చెప్పకుండా చెప్పు. కుర్రాళ్లు వింటారు" అన్నాడు.

సర్వీసులో ఉన్న తమ్ముళ్లూ, అందుకే చెబుతున్నాను. లాగ్ బుక్ చేత అబద్ధం చెప్పించగలం. బ్రేక్ డ్రమ్ము చేత చెప్పించలేం. చేయని పని ఉంటే "చేయలేదు" అని రాయండి. చలి వల్ల చేయలేదని రాయండి, బద్ధకం వల్ల అయితే తిట్లు తినండి. తిట్లకు వేళ్లు పోవు.

రిటైరైన మిత్రులకు ఒక చిన్న మాట. ఇంటి వెనక గుడ్డ కప్పి పెట్టిన మీ పాత జీపు, స్కూటరు ఉంటే ఆదివారం ఒకసారి తీయండి. మనవళ్లను ఎక్కించుకుని వీధి చివరి దాకా వెళ్లి రండి.

మా మనవడికి జవాబు బాకీ ఉంది కదా. నిజాం కారు నడుస్తుందా లేదా అన్నది బోనెట్ ఎత్తి చూసినవాడికే తెలుస్తుంది. నేను ఎత్తి చూడలేదు గనక "నాకు తెలియదు నాన్నా" అని చెప్పాను. చూడకుండా చెప్పకూడదని నేర్చుకోవడానికి నాకు ముప్పై ఏళ్లు పట్టింది.